కుడి వరసలో చివరి పేరు

ఆదివారం వచ్చిందంటే రామతులసి కూతుర్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టాల్సిందే. తలంటి పోసి, జుట్టు ఆరీ ఆరకుండానే, "మడమలు ఆనించు. గడ్డం ఎత్తకు. ఊపిరి బిగపట్టకు" అంటూ పిల్ల నెత్తి మీద స్కేలు అడ్డంగా పెట్టి, ఆకుపచ్చ రంగు వేసిన ద్వారబంధం మీద పెన్సిల్‌తో గీత గీసేది.

హర్షితకి ఆరేళ్ళు నిండాయి. నెలలు నిండకుండా పుట్టి, భీమవరం ఆసుపత్రిలో ఇరవై మూడు రోజులు అద్దాల పెట్టెలో ఉండి బతికి బయటపడ్డ పిల్ల. అప్పట్నించీ ఆ పిల్ల విషయంలో రామతులసి ఎవర్నీ నమ్మదు. డాక్టర్ని నమ్మదు, తూకాన్ని నమ్మదు, చివరికి తన కళ్ళని కూడా నమ్మదు. మధ్యాహ్నం పిల్ల కునుకు తీస్తుంటే ముక్కు కింద వేలు పెట్టి చూసుకుని గానీ అన్నం గిన్నె ముట్టదు.

ఏప్రిల్లో గీసిన గీత మీదే మే నెల గీత పడింది. జూన్ గీత కూడా అక్కడే. ఆ ఆదివారం ఆమెకి పెన్సిల్ మీదే అనుమానం వచ్చింది. మొన ముద్దుబారి గీత లావుగా పడుతోందేమోనని ఒక మేకు తెచ్చి గీసింది. మేకు గీత కూడా తిన్నగా పోయి ఆ పాత గీతలోనే కూర్చుంది.

"అక్కడే ఉంది. వెంట్రుక వాసి పెరగలేదు. ఏం పిల్లవే నువ్వు, ఎదుగూ బొదుగూ లేకుండా!"

హర్షిత వెనక్కి తిరిగి గీతని చూసింది. తర్వాత తన కాళ్ళ వంక చూసుకుంది.

పెరట్లో గోనె సంచులు ఉతుకుతున్న అత్తగారు రాజరాజేశ్వరి అక్కణ్ణించే కేకేసింది. "పిల్లని కొలవకే తులసీ! కొలిచిన పిల్ల ఎదగదంటారు."

"అంగన్‌వాడీలో నెలనెలా కొలిచారు కదండీ అత్తయ్యా."

"అందుకే ఎదగలేదేమో!"

నారుమళ్ళు పోసే రోజులవి. కాలవలకి నీళ్ళు వదిలారు. రామతులసి భర్త గంగరాజు ముందు రోజు సాయంత్రమే విత్తనాల వడ్లు సంచుల్లో కట్టి చేలగట్టు బోదె కాలవలో నానేశాడు. ఆ రోజు పొద్దువాలేసరికి వాటిని తెచ్చి, నీళ్ళు వడకట్టి, సావిట్లో గడ్డి పరిచి మండె కట్టాలి. అంటే నానిన సంచుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన గడ్డీ తడి గోతాలూ కప్పి, బరువు పెట్టి వదిలేయడం. రెండు రోజుల్లో లోపల వేడెక్కి గింజ ముక్కు పగులుతుంది. ఆ హడావిడిలో రామతులసి దిగులు ఎవరికి పట్టింది!

మధ్యాహ్నం పక్క వాటాలో ఉండే తోడికోడలు వీరవేణి చింతచిగురు రొయ్యలు వండి గిన్నెతో పంపింది. తెచ్చింది ఆవిడ కూతురు శ్రీదివ్య. మూడో తరగతి. చెరుకుగడలాగా సాగిన పిల్ల. గిన్నె ఇచ్చేసి హర్షితతో అరుగు మీద కూర్చుని ఏదో రాసుకుంటూ, గుసగుసలాడుకుంటూ గంటసేపు ఉండి వెళ్ళింది.

సాయంత్రం రామతులసి పిల్ల బడి సంచి సర్దడానికి కూర్చుంది. సర్దడమంటే ఆమెకి సోదా చేయడమే. డబ్బాలో అన్నం ఎంత మిగిలింది, రబ్బరు ఎవరిది, పెన్సిల్ ఎవరు కొరికారు, అన్నీ చూడాలి. నోటుబుక్కు తిరగేస్తుంటే ఆ పేజీ కనపడింది.

పేజీ మధ్యలో నిలువు గీత. ఎడం పక్కన పైన "ప్రాణం ఉన్నవి". దాని కింద వంకర అక్షరాలతో కుక్క, చేప, జామచెట్టు, నానమ్మ. కుడి పక్కన "ప్రాణం లేనివి". దాని కింద రాయి, కుర్చీ, గొడుగు, బండి. అన్నిటికంటే అడుగున, నీటుగా, గుండ్రంగా, వేరే చేతిరాతతో ఇంకో మాట.

హర్షిత.

పేజీ పొడుగునా ఎర్ర సిరాతో టీచరు పెట్టిన పెద్ద టిక్కు. దాని తోక సరిగ్గా ఆ పేరు మీదుగా పోతోంది.

రామతులసి చేతుల్లోంచి పుస్తకం జారిపోయింది. గబగబా తీసి, మూసేసి, మళ్ళీ తెరిచింది. పేరు అక్కడే ఉంది.

పేజీ చింపేద్దామనుకుంది. పిల్ల పేరున్న కాగితం చింపొచ్చా? కాల్చేద్దామంటే అది మరీ ఘోరం. నీళ్ళలో వేసే ఊహే భయంగా ఉంది. చివరికి పుస్తకాన్ని దేవుడి గూట్లో కుంకుమ భరిణె కింద పెట్టింది. పెట్టాక, దేవుడి ముందు అలాంటి రాత పెట్టొచ్చా అని ఇంకో భయం పట్టుకుంది. తీసి బియ్యం డబ్బా మీద పెట్టింది.

పిల్లని అడగలేదు. ఆ మాట పిల్ల నోట పలికించడమంటే తనే కొరివితో తల గోక్కున్నట్టు. "హర్షిత, ప్రాణం లేని" దాకా వచ్చేసరికే ఆమె మనసులో కూడా మాట ఆగిపోతోంది. ఇంక పైకి ఎలా అంటుంది?

ఎవరు రాసుంటారు?

ఆ కొత్త టీచరు హారతి. జూన్‌లోనే జంగారెడ్డిగూడెం వైపు నించి బదిలీ మీద వచ్చింది. వచ్చిన రోజే పిల్లల్ని ఎత్తుల ప్రకారం నిలబెట్టి, హర్షితని అందరికంటే ముందుకు లాగి, "మీ పాప వయసు సరిగ్గానే రాయించారా అండీ?" అని అడిగింది. ఆ అడగడంలో ఏదో ఉంది. లేకపోతే అంత ఎర్ర టిక్కు ఎందుకు పెడుతుంది?

లేదా వీరవేణక్క. మొన్ననే అంది. "మా శ్రీదివ్య గౌన్లు నాలుగున్నాయే తులసీ. చిన్నవైపోయాయి. తీసుకో, మీ పిల్లకి ఇంకో మూడేళ్ళు ఢోకా లేదు." నవ్వుతూనే అంది. నవ్వుతూ అనే మాటలకే ముళ్ళుంటాయి. ఇవాళ పనిగట్టుకుని కూర పంపింది. కూరతో పాటు కూతుర్నీ పంపింది. కూతురు గంటసేపు పెన్సిల్ పట్టుకుని కూర్చుంది.

రామతులసి లేచి చింతచిగురు రొయ్యల గిన్నె మూత తీసి వాసన చూసింది. బాగానే ఉంది. అందుకే అనుమానంగా ఉంది. పట్టుకెళ్ళి వీధి కుక్కకి వేసింది. కుక్క శుభ్రంగా నాకేసి ఇంకేమైనా ఉందా అన్నట్టు తోక ఊపింది. రామతులసి కుక్కని కూడా కాసేపు నిలబడి గమనించి వచ్చింది. గిన్నె కడిగి, అందులో ఏమీ వెయ్యకుండా ఖాళీగా వీరవేణి గుమ్మంలో పెట్టేసింది. ఇరుగుపొరుగులో ఎవరూ గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. చిటికెడు పంచదారైనా వేస్తారు. ఆ సంగతి తెలిసే పెట్టింది.

తర్వాత ఉప్పూ, ఎండుమిరపకాయలూ పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పి నీళ్ళపొయ్యిలో పడేసింది. మిరపకాయలు మాడాయి గానీ ఘాటు రాలేదు. ఎవరికీ ఒక్క దగ్గు రాలేదు.

"చూశారా అత్తయ్యా? ఘాటే లేదు. దిష్టి ఎంత ఉంటే అలా అవుతుంది!"

"దిష్టి కాదే, అవి నిరుటి మిరపకాయలు. చారులో వేసినా కారం దిగట్లేదు" అంది రాజరాజేశ్వరి.

గంగరాజు సంచులు దింపుకుని, చేతులు కడుక్కుంటుంటే రామతులసి చెంబు అందిస్తూ అంది. "ఏవండీ, రేపు బడికెళ్ళి టీసీ తెచ్చేస్తున్నాను."

"ఎవరి టీసీ?"

"పిల్లది. పాలకొల్లు కాన్వెంటు బస్సు మన సెంటర్లోకే వస్తుంది. అందులో వేసేద్దాం."

"బస్సెక్కితే కక్కుకునే పిల్లని పాలకొల్లు పంపుతావా? సంగతేంటి?"

"నోటితో అనలేనండి. పుస్తకంలో ఒక రాత చూశాను."

"అనలేని దానికి టీసీ ఏంటే! పిల్లని అడిగావా?"

"ఆరేళ్ళ పిల్లని ఏం అడుగుతాం?"

"దాని పుస్తకమే కదా" అని గంగరాజు మండె దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన ఒక మాట అని వెళ్ళిపోతాడు. ఆ మాట పట్టుకుని తిరగాల్సింది ఆమె.

మర్నాడు పొద్దున్న రామతులసి కాస్త మంచి చీర కట్టుకుని, పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని బడికి వెళ్ళింది. హెడ్మాస్టారు మండలం మీటింగుకి పోయారు, పదకొండింటికి వస్తారన్నారు. హారతి టీచరు ఒకటో తరగతి వరండాలో కుర్చీ వేసి కూర్చోమంది. రామతులసి కూర్చోలేదు.

"టీసీ కావాలండి."

"హర్షితకా? ఏమైందండీ?"

రామతులసి పుస్తకం తెరిచి పట్టుకుంది. పేజీ వంక చూడలేదు, టీచరు మొహం వంక చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే ఎవరు భుజాలు తడుముకుంటారో చూద్దామని.

టీచరు మొహంలో రంగు మారింది. అయితే అది దొరికిపోయిన మొహం కాదు. అదాటున కాలు జారినవాళ్ళ మొహం.

"ఇది నేను దిద్దినప్పుడు లేదండీ."

"టిక్కు మీదే కదండీ?"

"నాదే. శనివారం పెట్టాను. మీరే చూడండి." హారతి పుస్తకాన్ని వెలుతుర్లోకి తిప్పింది. "ఎర్ర సిరా కింద ఉంది, దాని మీద పెన్సిల్ గీత నడిచింది. ముందు టిక్కు, తర్వాత పేరు."

రామతులసి కళ్ళు చిట్లించి చూసింది. నిజమే. సిరా మీద పెన్సిల్ మెరుస్తోంది. అంటే శనివారం తర్వాత రాశారు. అంటే ఇంట్లోనే. ఆమె మనసులో అనుమానం టీచరు మీంచి లేచి, తిన్నగా పోయి వీరవేణి అరుగు మీద వాలింది.

"శ్రీదివ్యని ఓసారి పిలుస్తారా అండీ? మూడో తరగతి."

శ్రీదివ్య నోట్లో ఏదో నమలడం ఆపుకుంటూ వచ్చింది. "ఏంటి పిన్నీ?"

"ఇది నువ్వేనా రాసింది?"

"ఊఁ. నేనే."

ఇంత తొందరగా ఒప్పుకుంటుందని రామతులసి అనుకోలేదు. "ఎవరు రాయమన్నారు? మీ అమ్మా?"

"మా అమ్మెందుకు రాయమంటుంది? మా అమ్మ రాత్రి నించీ నీ మీద కోపంగా ఉంది, గిన్నె ఖాళీగా పెట్టావని."

"మరెవరు?"

"హర్షితే. తన పేరు తనకి సరిగ్గా రాదంట, అక్కా నువ్వు నీటుగా రాసిపెట్టు అంది. ఈ పక్క కాదే, ఆ పక్క రాయాలి అన్నాను. కాదు ఇక్కడే అంది. నా మాట వినలేదు పిన్నీ, కావాలంటే అడుగు."

హారతి మెల్లగా అంది. "పాపని అడిగారా అండీ?"

రామతులసికి తన తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. సైన్సు నోటుబుక్కులో మడతపెట్టిన కాగితం ఒకటి వాళ్ళమ్మ కంటపడింది. అందులో మగపిల్లాడి చేతిరాతతో పది రకాల ఆకుల పేర్లున్నాయి. జ్వరం వచ్చి బడికి వెళ్ళని రోజు క్లాసులో చెప్పింది రాసిచ్చాడు, అంతే. వాళ్ళమ్మ ఆ కాగితం పట్టుకుని మర్నాడే బడికెళ్ళి టీసీ తీసుకుంది. ఏంటిది అని ఎవరూ రామతులసిని అడగలేదు. అడిగితే చెప్పేది. చింత, వేప, కానుగ అని పదీ చదివి మరీ చూపించేది.

హర్షిత పంపు దగ్గర సీసాలో నీళ్ళు పట్టుకుంటోంది. రామతులసి వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుంది. అడగడానికి ముందు కొంగు సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది.

"అమ్మలూ, నీ పేరు ఆ పక్కన ఎందుకు రాయించావు?"

"ఏ పక్కన?"

"కుడి పక్కన."

"ఓ, అదా" అంది హర్షిత సీసా మూత బిగిస్తూ. "టీచరు చెప్పారుగా. పెరిగేవన్నీ ప్రాణం ఉన్నవి. పెరగనివి లేనివి. నేను పెరగట్లేదు కదా."

"ఎవరన్నారు?"

"నువ్వే! ప్రతి ఆదివారం అంటావుగా. మేకుతో కూడా చూశావు. అక్కడే ఉంది."

రామతులసి పంపు గట్టు పట్టుకుంది. ఎవరో ఒకరు దొరుకుతారని రాత్రంతా వెతికింది. టీచర్ని వెతికింది, తోడికోడల్ని వెతికింది, కుక్కని కూడా విడిచిపెట్టలేదు.

తల్లి మొహం చూసి హర్షితకి జాలేసింది. "ఏం పర్లేదమ్మా" అంది. "కుర్చీ కూడా మనింట్లోనే ఉంటుందిగా."

హెడ్మాస్టారు బండి దిగుతూనే అడిగారు. "ఎవరికో టీసీ అన్నారంట?"

"లేదండి. నోటుబుక్కు చూపిద్దామని వచ్చాను" అంది రామతులసి. హారతి టీచరు గేటు దాకా వచ్చి, "పెరగడం ఒక్కటే చెప్పి వదిలేశానండీ. తప్పు నాది కూడా" అంది. ఆ "కూడా" అన్న మాటకి మిగిలిన వాటా ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చాక ముందు వీరవేణి వాటాలోకి వెళ్ళింది. ఆవిడ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తలేదు.

"అక్కా, ఆ గిన్నె ఓసారి ఇవ్వవా?"

"ఎందుకే? మళ్ళీ ఖాళీగా పెట్టడానికా?"

"కాదక్కా. బుద్ధి గడ్డి తింది."

"నీ బుద్ధి గడ్డి తింటే నా రొయ్యలు ఎవరు తిన్నారు?"

రామతులసి నిజం చెప్పే ధైర్యం చెయ్యలేదు. "చాలా బాగున్నాయక్కా. ఒక్కటి కూడా మిగల్లేదు" అంది. అందులో అబద్ధం లేదు. గిన్నె నిండా కొత్త బెల్లం పెట్టుకొచ్చి ఇచ్చింది.

సాయంత్రం బడి నించి వచ్చిన హర్షితని చెయ్యి పట్టుకుని సావిట్లోకి తీసుకెళ్ళింది. రాజరాజేశ్వరి మండె పక్కనే పీట వేసుకుని కూర్చుంది. రామతులసి తడి గోతం ఒక అంచు ఎత్తి, గడ్డి పక్కకి తీసి, సంచి మూతి వదులు చేసింది.

"చెయ్యి పెట్టు లోపల."

హర్షిత మోచేతి దాకా దూర్చింది. వెంటనే లాగేసుకుంది. "అబ్బ! కాలుతోంది! వడ్లకి జ్వరం వచ్చిందా?"

"జ్వరం కాదు. అది వాటి ప్రాణం. లోపల అందరూ ఊపిరి పీల్చుకుంటున్నారు."

పిల్ల నమ్మలేదు. తల్లి కూతురే మరి. మళ్ళీ చెయ్యి పెట్టి, గుప్పెడు గింజలు తీసి, వేలితో అటూ ఇటూ తిప్పి చూసింది. కొన్నిటికి అప్పుడే తెల్లటి ముక్కు కనపడుతోంది.

"ఇవి కిందటి కోతల నించీ అటక మీద బస్తాలో ఉన్నాయి" అంది రామతులసి. "నువ్వెక్కి ఆడుకున్నావు చూడు, ఆ బస్తా. ఇన్ని నెలల్లో ఒక్క గింజైనా పెరిగిందా?"

"లేదు."

"మరి ప్రాణం లేదా?"

హర్షిత గుప్పెట్లోని తెల్ల ముక్కుల వంక చూసుకుంది.

"నాన్న ఒక్క రోజైనా స్కేలు పట్టుకెళ్ళి వాటిని కొలిచారా? ఎందుకు కొలవలేదు?"

"నాన్నకి స్కేలు లేదు" అంది హర్షిత.

రాజరాజేశ్వరి పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రామతులసి ఇంకో గుప్పెడు గింజలు తీసి పిల్లకి చూపించబోతుంటే అత్తగారు ఆమె చేతి మీద ఒక్కటి వేసింది.

"చాల్లే, మూసెయ్యి. మాటిమాటికీ విప్పి చూస్తే మండె చల్లారిపోతుంది. ఆ తర్వాత వచ్చే మొలక కూడా రాదు."

రామతులసి గడ్డి సర్ది, గోతం కప్పి, పైన రాయి ఎత్తి పెట్టింది. పెట్టాక కూడా చెయ్యి తీయడానికి కొంచెంసేపు పట్టింది.

హర్షిత గింజలు గుప్పెట్లోనే పట్టుకుని అరుగు మీదికి పోయి నోటుబుక్కు తెరిచింది. ఎడం వరసలో నానమ్మ కింద వడ్లు అని రాసింది. తర్వాత రబ్బరు పెట్టి కుడి వరసలో చివరి పేరు చెరపడం మొదలుపెట్టింది. పెన్సిల్ పోయింది గానీ ఎర్ర సిరా అలుక్కుని ఆ చోట కాగితం గులాబీ రంగుకి తిరిగింది. తన పేరు తనే, 'షి' దగ్గర రెండు కొట్టివేతలతో, వడ్ల కింద రాసుకుంది. రామతులసి దిద్దలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర గంగరాజు అడిగాడు. "టీసీ తెచ్చావా?"

"పిల్లని అడిగానండి" అంది రామతులసి. అంతకుమించి ఆయన అడగలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. రామతులసి పొద్దున్నే తడిగుడ్డ పెట్టి ద్వారబంధం మీద గీతలన్నీ తుడిచేసింది. పెన్సిల్ గీతలన్నీ పోయాయి. మేకు గీత మాత్రం పోలేదు, లోపల తెల్లచెక్క కనపడుతూ అలాగే ఉండిపోయింది. తలంటు అయ్యాక హర్షిత అలవాటు ప్రకారం వచ్చి గుమ్మానికి ఆనుకుని, మడమలు సర్దుకుని నిలబడింది.

"కొలవవా?"

"స్కేలు కనపడట్లేదే" అంది రామతులసి. స్కేలు కందిపప్పు డబ్బాలో ఉంది. పెట్టింది తనే. "పో, శ్రీదివ్య పిలుస్తోంది, ఆడుకో."

పిల్ల పరిగెత్తింది. వెళ్ళేటప్పుడు తల ఆ మేకు గీతకి పైన ఉందా, కింద ఉందా అని చూడకుండా ఉండడానికి రామతులసి మొహం గోడవైపు తిప్పుకోవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం అన్నం తిని హర్షిత చాప మీద నిద్రపోయింది. రామతులసి వంటింట్లో గిన్నెలు సర్దింది. నీళ్ళు తాగింది. కాసేపు కిటికీ దగ్గర నిలబడింది. తర్వాత, ఈ ఒక్కసారికే అనుకుంటూ, చప్పుడు కాకుండా వచ్చి చాప పక్కన కూర్చుని, పిల్ల ముక్కు కింద మెల్లగా వేలు పెట్టింది.

"ఉందిలే అమ్మా" అంది హర్షిత కళ్ళు తెరవకుండానే. "పోయి అన్నం తిను."